సాయంత్రం 5:30కి గుడ్ నైట్: కొరియాలో ఉన్న మనవాళ్ళకి "పడుకో" అని చెప్పడం ఎలాగంటే

మా ఇంట్లో రోజుకి రెండు రాత్రులు. మొదటి రాత్రి సాయంత్రం 5:30కి.

ఆ వేళకి బుసాన్‌లో 9 అవుతుంది. కొరియా గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. అక్కడ మా మనవరాలు పళ్ళు తోముకుని, దుప్పటి గెడ్డం దాకా లాక్కుని, ఫోనులో నా మొహం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటుంది. ఇక్కడ శ్రీకాకుళంలో నేను అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటాను. వేసవిలో అయితే ఎదురింటి గోడ మీంచి ఎండ ఇంకా దిగనే దిగదు. మేముండేది డే అండ్ నైట్ జంక్షనుకి దగ్గర్లో. "ఆ పేరు జంక్షనుకి కాదు, మనింటికి పెట్టాల్సింది" అంటారు మావారు. అరసవల్లి దేవుడు ఇంకా ఆకాశంలో ఉండగానే గుడ్ నైట్ చెప్పేసే మనిషిని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మావాడు ఓడలు కట్టే కంపెనీలో ఉద్యోగమని వెళ్ళి, అక్కడి పిల్లనే చేసుకున్నాడు. అలా అరవయ్యో ఏట నాకు మళ్ళీ పలక పట్టే యోగం పట్టింది.

ఈమధ్య మా వీధిలో డిగ్రీ చదివే ఆడపిల్లలు కొరియా సీరియళ్ళు చూసి చూసి, నేను కూరగాయలకి బయల్దేరినప్పుడు దారికి అడ్డం పడుతున్నారు. "ఆంటీ, కొరియన్‌లో గుడ్ నైట్‌ని ఏమంటారు?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: "ఎవరికే?"

అది ఎగతాళికి అడిగింది కాదు. ఆ ప్రశ్న నన్నెవరూ అడక్కపోబట్టే ఒకసారి నా పరువు పోయింది.

పెళ్ళయిన కొత్తలో ఎవరికీ చెప్పకుండా ఫోనులో ఒక ఇంగ్లీషు వీడియో చూశాను. అందులో అమ్మాయి నవ్వుతూ, గుడ్ నైట్ అంటే "జల్ జా" అంది. రెండే ముక్కలు, నోటికి హాయిగా ఉంది. ఆ సాయంత్రం వీడియో కాల్లో మావాడూ, కోడలూ, పక్కన కోడలి తల్లీ, అంటే మా వియ్యపురాలు. నాకంటే మూడేళ్ళు పెద్దావిడ. కాల్ పెట్టేసే ముందు నేను చీర కొంగు సర్దుకుని, ఆవిడకేసి చూసి, గొంతు సవరించుకుని "జల్ జా!" అన్నాను.

అటువైపు చప్పుడు లేదు. కోడలు దిండులో మొహం దాచుకుంది. మావాడు "అమ్మా..." అని ఆగిపోయాడు. ఆవిడ ఒక్క క్షణం అలా చూసి, తర్వాత భుజాలు ఊగేలా నవ్వింది. నేను ఆవిడతో అన్నదాన్ని మా ఊరి తెలుగులోకి దింపితే ఇదీ: "ఒలే, తొంగోయే."

మా జిల్లా కాని వాళ్ళకి చెప్పాలి కదా, తొంగోడమంటే పడుకోడం.

తప్పు కొరియన్‌లో లేదు. నేను ఇంగ్లీషు మీదుగా వెళ్ళాను, అక్కడొచ్చింది చిక్కు. ఇంగ్లీషులో కలెక్టరుగారికీ గుడ్ నైటే, కడుపున పుట్టినవాడికీ గుడ్ నైటే. తెలుగులో అలా కుదరదు. "శుభరాత్రి" అంటారా, అది ఫోనులో పువ్వు బొమ్మ కింద రాసుకోడానికే గానీ, ఏ ఇంట్లో ఏ తల్లి పిల్లాడి నెత్తి నిమిరి శుభరాత్రి అంది? మన నోట వచ్చేవి "పడుకో", "ఇంక పడుకోండి", "బజ్జో తల్లీ", "తొంగోరా". అన్నీ పడుకోమని చెప్పడమే, ఎవరికి చెబుతున్నామో దాన్నిబట్టి తోక మారుతుంది. కొరియన్ కూడా అచ్చం ఇంతే. అందుకే మీరు ఇంగ్లీషుని పక్కన పెట్టి, తెలుగులోంచి నేరుగా కొరియన్‌లోకి దిగండి. సగం దారి మీకు ముందే తెలుసు.

మొదట "అండి" సంగతి తేల్చుకోండి

"జా" అంటే పడుకో. "జల్" అంటే బాగా. "జల్ జా" అంటే బాగా పడుకో. ఇది పిల్లలకి, తమ్ముడికి, చెల్లికి, ఒక ఈడు స్నేహితులకి, మొగుడూపెళ్ళాల మధ్య. మీరు ఎవరిని "ఒరే", "ఒసే", "నువ్వు" అంటారో వాళ్ళకన్నమాట. ఈ "జల్" ఒక్కటి పట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. "జల్ గా" అంటే బాగా వెళ్ళు, అంటే మన "వెళ్ళిరా". "జల్ మొగొస్సొ" అంటే బాగా తిన్నాను.

దాని చివర "యొ" చేర్చండి, "జల్ జాయొ". ఆ "యొ" మన "అండి"లాంటిది. పడుకోండి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. "అండి" పెట్టేశాం కదా, ఇంక అత్తగారికైనా చెప్పెయ్యొచ్చు అనుకుంటారు. కుదరదు. "జల్ జాయొ" మధ్య మెట్టు. కొత్తగా ప్రేమలో పడ్డవాళ్ళు, మర్యాదగా మాట్లాడుకునే భార్యాభర్తలు, కాస్త చనువున్న తోటి ఉద్యోగులు వాడుకునేది. పెద్దవాళ్ళకి క్రియాపదమే మారిపోవాలి. చనిపోయినవాడు మనకి ఎంత గిట్టనివాడైనా నలుగురిలో "కాలం చేశారు" అంటాం కదా, "చచ్చారండి" అనం. "అండి" తగిలించినంత మాత్రాన ఆ మాటకి మర్యాద రాదు. అలాగే కొరియన్‌లో పెద్దవాళ్ళు నిద్రపోవడానికి వేరే మాటే ఉంది. వాళ్ళకి చెప్పాల్సింది "అన్న్యొంగి జుముసెయొ". సుఖంగా నిద్రించండి అని.

మా వియ్యపురాలికి నేను చెప్పాల్సింది ఇదే. ఇంకా చక్కగా చెప్పాలంటే ముందు "సాబుఇన్" అని పిలిచి చెప్పాలి. వియ్యపురాల్ని పిలవడానికి వాళ్ళకి విడిగా మాట ఉంది, మనం "వదినగారూ" అన్నట్టు. వియ్యంకులందర్నీ కలిపి "సాదొన్" అంటారు. ఇంగ్లీషులో ఈ చుట్టరికానికి పేరే లేదు పాపం. ఇంగ్లీషు మీదుగా వెళ్ళొద్దని నేను ఊరికే మొత్తుకోవడం లేదు.

ఒక మాట మాత్రం. ఇప్పటి కొరియా ఇళ్ళలో పిల్లలు తల్లితో "ఒమ్మా, జల్ జా" అనేస్తారు. ఒమ్మా అంటే అమ్మే. ఆ "ఒ"ని పెదాలు గుండ్రంగా చుట్టకుండా పలికితే దాదాపు మన "అమ్మా"లాగే వినబడుతుంది, మొదటిసారి విన్నప్పుడు నేను తిరిగి చూశాను. మనింట్లో కూడా అమ్మని "నువ్వు" అంటూ, నాన్నని "మీరు" అనడం లేదూ? అదే లెక్క. కానీ తాతా బామ్మల దగ్గర మాత్రం "జుముసెయొ"నే. మా కోడలు నాతో కొరియన్ మాట్లాడితే "ఒమొనిమ్, అన్న్యొంగి జుముసెయొ" అంటుంది. ఒమొనిమ్ అంటే అత్తగారికి అమ్మా అన్న పిలుపే, చివర "గారు" ఉన్నట్టు.

నోరు తిప్పడం

తెలుగు పంతులమ్మని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబెడతాను, విసుక్కోకండి.

"జా"లోని జ, జల్లెడలో జ కాదు. జాతిలో జ. జల్లెడలో నాలుక పళ్ళని తాకుతుంది, అది ఇక్కడ పనికిరాదు. మాటకి మొదట్లో వచ్చే జ వాళ్ళ నోట కొంచెం చ వైపు ఒరుగుతుంది. "జల్ జా"లో మొదటిది చల్‌కీ జల్‌కీ మధ్య ఎక్కడో ఉంటుంది, రెండోది శుభ్రంగా జ. మీరు రెండూ జ అన్నా వాళ్ళకి అర్థమవుతుంది.

కల అన్న మాట "కుమ్". కొరియన్‌లో క మూడు రకాలు. నేర్పేవాళ్ళు దీన్ని "క్కుమ్" అని గట్టిగా ఒత్తమంటారు. ఆ బాధ గాలి ఊది పలికే ఇంగ్లీషు నోళ్ళకి. మనం "కాకి" అన్నప్పుడు వచ్చే, గాలి లేని గట్టి క అక్కడ సరిపోతుంది. మన నోట్లో ఉన్నదాన్ని మనమే డబ్బులిచ్చి నేర్చుకోడం దేనికి?

"ఫ" దగ్గర మాత్రం జాగ్రత్త. "ఫుక్ జా" అని ఒకటుంది, ఒళ్ళు తెలీకుండా నిద్రపో అని. ఆ ఫ మన వర్ణమాలలో ఉన్న అసలైన ఫ. పెదాలు రెండూ కలిపి, ప అంటూ గాలి వదలాలి. ముప్పై ఒక్క ఏళ్ళు బ్లాక్‌బోర్డు ముందు నిలబడి "ఫలము అనండర్రా, కాఫీలో ఫ కాదు" అని అరిచాను, ఒక్కడూ వినలేదు. ఇప్పుడు వినండి. కాఫీలో ఫ పెట్టి "ఫుక్" అన్నారో, అది ఇంగ్లీషు బూతై కూర్చుంటుంది, పక్కనున్న కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వుతారు. చివరి క కూడా బయటికి రాకూడదు, గొంతులోనే మింగెయ్యాలి. ఈ "ఫుక్" అన్న మాటనే వాళ్ళు మాంసమో దుంపలో మెత్తగా ఉడికేదాకా ఉడికించడానికీ వాడతారు. మూడు విజిల్స్ వచ్చాక కందిపప్పు ఎలా ఉంటుందో, అలాంటి నిద్ర.

ఇంకొకటి. కొరియా కుర్రాళ్ళు గుడ్ నైట్ అన్న ఇంగ్లీషు మాటని కూడా వాడుకుంటారు, కానీ వాళ్ళ నోట అది "గున్నాఇత్" అవుతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను ఎగిరి గంతేశాను. జగత్, నాథుడు కలిస్తే ఏమవుతుంది? జగన్నాథుడు. త పక్కన న వస్తే త కూడా న అయిపోతుంది. అదే సంధి! తొమ్మిదో తరగతి పిల్లలకి అనునాసిక సంధి చెప్పేటప్పుడు ఈ ముక్క తెలిసుంటే ఎంత బావుండేది.

పేరు పెట్టి పిలవాలంటే

పేరు చివర అచ్చు ఉంటే "యా", హల్లు ఉంటే "ఆ" చేర్చాలి. మన పేర్లు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి "యా" దగ్గరే పని అయిపోతుంది. "బుజ్జియా, జల్ జా." "లలితయా, జల్ జా." హల్లుతో ముగిసే కిరణ్ లాంటి పేరైతే "కిరణా" అవుతుంది, కొట్టుకెళ్ళి ఉప్పూపప్పూ అడుగుతున్నట్టుంటుంది గానీ వ్యాకరణం అదే. ఇది మన "ఒరే", "ఏమే"ల బరువున్న పిలుపు. వయసులో చిన్నవాళ్ళకి, దగ్గరి స్నేహితులకి. పెద్దవాళ్ళ పేరుకి తగిలించారంటే నా "జల్ జా" కంటే ఘోరం.

చంటిపిల్లలకి

మా మనవరాలికి నేను మొదట నేర్చుకుని చెప్పింది "ఖో జా". "బజ్జో"కి సరిగ్గా అతికినట్టు సరిపోయే మాట ఇది. కలిసి పడుకుందాం అంటే "ఖో జాజా". ఆ ఖోని సాగదీయాలి, "ఖోఓఓ" అని, ఊయల చివరిసారి ఊగి ఆగుతున్నట్టు. మావారు హైస్కూల్లో పీఈటీగా చేశారు. ఆయనకి ఆ మాట వినబడగానే వెనక గదిలోంచి "ఎవరే అవుటయ్యారు?" అని అరుస్తారు. రోజూ అదే జోకు. మనవరాలికి అర్థం కాదు, అయినా రోజూ నవ్వుతుంది.

జోకొట్టేటప్పుడు మనం "జోజో" అంటామా, వాళ్ళు "జాజంగ్ జాజంగ్" అంటారు. గుండెల మీద మెల్లగా తడుతూ. మొదటిసారి మా వియ్యపురాలు పిల్లని తడుతూ అలా అంటుంటే ఫోనులో ఇటు నుంచి నా చెయ్యి కూడా దానంతటదే తొడ మీద దరువెయ్యడం మొదలెట్టింది. జోలపాటని "జాజంగ్గా" అంటారు.

ఒకరోజు ఆవిడ మా పిల్లని "ఉరి కంగాజీ" అని పిలిచింది. ఉరి అంటే మా. కంగాజీ ఏమిట్రా అని మావాణ్ణి అడిగితే, "కుక్కపిల్ల" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బంగారంలాంటి పిల్లని పట్టుకుని కుక్కపిల్ల ఏమిటని. తర్వాత తెలిసింది, కొరియా బామ్మలకి మనవల్ని పిలవడానికి అంతకన్నా ముద్దు మాట లేదట. ఇంకా ముద్దొస్తే దాని ముందు "పెంట" అని కూడా చేరుస్తారు, "తొంగ్‌గంగాజీ" అని. వెనకటి రోజుల్లో అయితే పిల్లల ముద్దుపేరే "కెత్తొంగి" అని పెట్టేవారు. కుక్కపెంట అని అర్థం, అలా పిలిస్తే పిల్లవాడి మీద చెడు చూపు పడదని. అది విన్నాక నా కోపం దిగిపోయింది. పుట్టిన పిల్లలు దక్కక, పెంట మీద దొర్లించి తీసుకొచ్చి పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టుకున్న ఇళ్ళు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఎన్ని లేవు! నా క్లాసులోనే ఇద్దరు పెంటయ్యలుండేవారు. మనకి దిష్టి, వాళ్ళకి దిష్టి.

కాబట్టి మీ ఇంట్లోనూ ఒక చిన్ని ప్రాణి ఉంటే "ఉరి కంగాజీ, జల్ జా" అనండి, ఏం ఫరవాలేదు. అయితే కొరియా ముసలమ్మలు "నే సెక్కి" అని కూడా అంటుంటారు, నా కూన అని. దాని జోలికి మాత్రం పోకండి. మనవణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకున్న బామ్మ నోట అది తేనె. మీరు బయట ఎవరినైనా "సెక్కి" అన్నారంటే అది తిట్టు, కొట్లాట అవుతుంది.

కల కనడమా, అప్పు చెయ్యడమా

"చోఉన్ కుమ్ క్వొ" అంటే మంచి కల కను. ఇంగ్లీషువాళ్ళలా "తియ్యని కలలు" అని వదిలెయ్యరు, కల కను అని పనే చెబుతారు. కలకీ కనడానికీ మనకి ఎలా జోడీ కుదిరిందో, వాళ్ళకి "కుమ్"కీ "కుదా"కీ అలా కుదిరింది. తమాషా ఏమిటంటే "కుదా" అంటే అప్పుగా తీసుకోవడం అని ఇంకో అర్థం ఉంది. డబ్బు పక్కన పెడితే అప్పు, కల పక్కన పెడితే కల. ఈ సంగతి చెబితే మావారు, "నాకు రెండూ ఒకటే, రెండింటికీ తెల్లారేసరికి మెలకువొస్తుంది" అన్నారు.

"నే కుమ్ క్వొ" అంటే నా కల కను, అంటే నీ కలలోకి నేను రావాలి అని. ఇది ప్రేమికుల సరుకు. మా వీధి పిల్లలకి అన్నిటికంటే ముందు కావలసింది ఇదే. చెబుతాను గానీ మీ అమ్మ ముందు అడక్కండే అన్నాను. "కుమెసొ మన్నా" అంటే కలలో కలుద్దాం. "నేఇల్ బ్వా" అంటే రేపు కలుద్దాం. కలల మీద అంత నమ్మకం లేనివాళ్ళకి అది.

ఈ జాబితాలో నాకు నచ్చింది "బోగొ షిఫొ". ఇంగ్లీషులో అయితే మిస్ అవుతున్నా అంటారు. బస్సు మిస్సయింది, రైలు మిస్సయింది, నువ్వూ మిస్సయ్యావు. కొరియన్‌లో ఉన్నమాట అంటారు, "చూడాలనుంది" అని. బో అంటే చూడు, షిఫొ అంటే అనిపిస్తోంది. మా అమ్మ నా హాస్టలుకి రాసిన కార్డుల్లో ఉండేది ఆ ఒక్క మాటే: నిన్ను చూడాలనుంది. మావాడికి ఫోను పెట్టేసే ముందు ఇప్పటికీ నేను తెలుగులోనే చెబుతాను. కోడలికి "బోగొ షిఫొ, జల్ జా" అంటాను. ఆవిడకి అత్తగారిని గనక నాకు "జల్ జా" చెల్లుతుంది.

బుసాన్ యాస, మన యాస

పుస్తకాల్లో ఉండేది రాజధాని సోల్ (మనం సియోల్ అంటాం) భాష. బుసాన్ ఉన్న గ్యొంగ్‌సంగ్ ప్రాంతానికి సొంత యాస ఉంది. గొంతు ఎత్తీ దించీ పాడినట్టు మాట్లాడతారు. సోల్ వాళ్ళు దాన్ని సీరియళ్ళలో నవ్వులాటకి పెట్టుకుంటారు. ఈ బాధ నాకు ఎవరూ వివరించక్కర్లేదు. "ఏటి", "ఎందుకేటి" అన్న పాపానికి సినిమాల్లో మన వాళ్ళు ఎన్నేళ్ళుగా వంటవాళ్ళూ పాలేర్లూ అవుతూ వస్తున్నారు!

మా వియ్యపురాలు పిల్లకి "జల్ జా" అనదు. "జల్ జారేయి" అంటుంది. చెవికి మన రేయిలా వినబడుతుంది గానీ రాత్రికీ దానికీ ఏ సంబంధమూ లేదు, అది ఆ యాసలో పడుకో అనడానికి తోక. చలికాలంలో ఇంకొంచెం సాగుతుంది: "ఇబుల్ దందీ తొప్కో జారేయి." ఇబుల్ అంటే దుప్పటి, తొప్కో అంటే కప్పుకుని. దందీ అంటే సరిగ్గా, గట్టిగా. నేను దాన్ని మన "దండిగా"తో గుర్తుపెట్టుకున్నాను. దుప్పటి దండిగా కప్పుకుని తొంగో. సోల్ భాషలో ఇదే "ఇబుల్ కోక్ తొప్కో జా" అవుతుంది. రెండూ విని చూడండి, దేంట్లో వెచ్చదనం ఉందో మీకే తెలుస్తుంది.

అందుకని మీ వాళ్ళు కొరియాలో ఏ ఊళ్ళో ఉన్నారో కనుక్కుని, అక్కడి ముసలమ్మలు ఏమంటారో ఒక్క మాటైనా పట్టుకోండి. నేను "జారేయి" అన్నరోజున మా వియ్యపురాలు చప్పట్లు కొట్టింది.

దుప్పట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆమధ్య మా వియ్యపురాలు మా ఇంటికి వచ్చినప్పుడు, రాత్రి ఆవిడ గదిలో ఫ్యాను వేసి తలుపు దగ్గరగా వేసి వచ్చాను. గంట తర్వాత చూద్దును కదా, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ, దోమలతో యుద్ధం చేస్తోంది. మళ్ళీ వేశాను, మళ్ళీ ఆపేసింది. మూసిన గదిలో రాత్రంతా ఫ్యాను తిరిగితే ప్రాణం పోతుందని కొరియా పెద్దవాళ్ళలో చాలామందికి ఒక నమ్మకం. అందులో నిజం లేదు, అయినా ఆ భయం పోదు. ఫ్యాను ఆగితే ప్రాణం పోయే జాతి మనది. చివరికి కిటికీలు తీసేసి, దోమతెర కట్టి రాజీ పడ్డాం. ఆ రాత్రి నేను ఆవిడకి "అన్న్యొంగి జుముసెయొ" అన్నాను గానీ అందులో సుఖమెక్కడుంది.

ఫోనులో రాసేటప్పుడు

ముందు అక్షరాలు నేర్చుకోండి. సెజోంగ్ అనే రాజు 1446లో ప్రజలకి ఇచ్చిన లిపి, ఇప్పుడు వాడుకలో ఉన్న మూలాక్షరాలు 14 హల్లులు, 10 అచ్చులు. మన యాభై ఆరు నేర్చినవాళ్ళకి అదెంత, వారం పట్టదు. తర్వాత కుర్రకారు రాసేవి ఇవి. "గుత్‌బామ్": ఇంగ్లీషు గుడ్, కొరియన్ రాత్రి కలిపిన దుష్టసమాసం. బామ్ అంటే రాత్రి, చెస్ట్‌నట్ గింజ కూడా బామే, అందుకే పక్కన గింజ బొమ్మ కనిపిస్తే కంగారు పడకండి. "కుల్‌జామ్": తేనె నిద్ర, అంటే మాంచి కమ్మని నిద్ర. "కుల్‌జామ్ జా" అంటే అలా నిద్రపో. "జల్ జాయొంగ్": యొ చివర ఒక "ంగ్" తగిలించి గారాలు పోవడం. నా వయసులో నేను రాస్తే బావుండదు, మీరు రాసుకోండి. "ఫ్యొనన్‌హన్ బామ్ దోఎసెయొ" అని కూడా చూస్తారు, ప్రశాంతమైన రాత్రి కావాలని. మర్యాదైనదే, కాకపోతే అది మన శుభరాత్రి జాతి, ఇంట్లోవాళ్ళకి అక్కర్లేదు.

ముందూ వెనకా

ఒక్క "జల్ జా" అని టక్కున పెట్టేస్తే మొహం మీద తలుపేసినట్టుంటుంది. ముందొక మాట ఉండాలి. "ఒనుల్‌దో కోసెంగ్‌హెస్సొ" అంటే ఇవాళ కూడా ఎంతో కష్టపడ్డావు అని. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మొగుడికి, పరీక్ష రాసొచ్చిన పిల్లకి. దాన్ని ఇంగ్లీషులోకి పెడితే జీతం పెంచబోతున్నట్టుంటుంది, తెలుగులో మాత్రం "అలిసిపోయుంటావు, ఇంక పడుకో" అని రోజూ అనేదే. దీన్ని కూడా పెద్దవాళ్ళ దగ్గర వాడకండి.

మీరే ముందు పడుకుంటున్నారనుకోండి, "మొన్జొ జల్‌కే" అనాలి. నే ముందు పడుకుంటానేం? ఆ చివరి "ఏం"లో ఉన్న బతిమాలడం సరిగ్గా ఆ "కే"లో ఉంది. చెప్పకుండా పడుకుంటే అలకలు అక్కడా ఉన్నాయి.

ఇక మర్నాడు పొద్దున్న "జల్ జస్సొ?" అని అడగాలి, బాగా పడుకున్నావా అని. పెద్దవాళ్ళనైతే "అన్న్యొంగి జుముష్యొస్సొయొ?" అక్కడ వాళ్ళు 7:30కి లేస్తే మనకి తెల్లవారుజాము 4. నేను ఎలాగూ ఆ వేళకి లేచి కళ్ళాపి చల్లుతాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మీకు లేచే అలవాటు లేకపోతే రాత్రే రాసి పెట్టుకోండి.

మొన్న బుధవారం కాల్లో పిల్ల అప్పటికే నిద్రలోకి జారిపోయింది. ఫోను మా వియ్యపురాలి చేతిలో ఉంది. ఇద్దరం గుసగుసగా మాట్లాడుకున్నాం, అంటే నాకొచ్చిన పాతిక ముక్కలూ, ఆవిడకొచ్చిన పదీ. ఇంక పెట్టేస్తాననగా ఆవిడ వీపు నిటారుగా చేసి, గొంతు సవరించుకుంది. మనవరాలి దగ్గర నేర్చుకున్నట్టుంది.

"వదినా," అంది, "తొంగో."

అండీ లేదు, గారూ లేదు. ఎదురింటి గోడ మీద ఎండ అలాగే ఉంది, పాలవాడు ఇంకా రాలేదు, నా ఒళ్ళో సగం ఒలిచిన చిక్కుడుకాయలు. "అన్న్యొంగి జుముసెయొ, సాబుఇన్" అని తల వంచి చెప్పి, నవ్వు ఆపుకోలేక ఫోను పెట్టేశాను.